పళ్ళెంలో పడ్డ కూపన్లు

"ఆ కవరు కాదే!" అని దయానందం గుడి అని కూడా చూడకుండా అరిచేవాడే. పక్కాయన వింతగా చూడటంతో నోరు నొక్కుకున్నాడు. నడవకి అవతల, ఆడవాళ్ళ వరసలో కూర్చున్న అతని భార్య లీలావతి కానుక పళ్ళెంలో కవరు వేసేసి, కళ్ళు మూసుకుని ప్రార్థనలో పడింది.

ఆమె చేతిలోని బైబిల్లో అప్పటిదాకా రెండు కవర్లున్నాయి. ఒకదాంట్లో కోతపండుగ కానుక, రెండు రూపాయలు. రెండోదాంట్లో టీ పొట్లాల మీద కత్తిరించిన కూపన్లు. ఓసారి చిత్తుకాగితాలనుకుని లీలావతి కొన్నింటితో పొయ్యి రాజేసింది. అప్పట్నుంచి దయానందం వాటిని గుడివాళ్ళిచ్చిన కానుక కవర్లోనే పెట్టి బైబిల్లో దాస్తున్నాడు. దేవుడి కవరు జోలికి ఎవరూ రారని అతని ధీమా. ఆ ధీమా కాస్తా ఇప్పుడు పళ్ళెంలో కూర్చుని పాస్టరుగారి ముందున్న బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

రెండు వందల కూపన్లిస్తే ఆ టీ కంపెనీవాళ్ళు కిరసనాయిలు స్టవ్వు ఊరికే ఇస్తారు. బజార్లో దాని ఖరీదు పద్దెనిమిది రూపాయలు. ఊరికే వచ్చేదానికి డబ్బు పెట్టడం దయానందం ఇంటావంటా లేదు. అందుకని మూడేళ్ళుగా ఆ ఇంట్లో అందరూ టీ తాగుతున్నారు. జ్వరమొచ్చినా టీయే, చుట్టాలొచ్చినా టీయే. లీలావతి తడికట్టెల పొగలో దగ్గుతూ ఆ టీ కాస్తోంది. "ఒక్క స్టవ్వు కొనండి, ఊపిరాడటం లేదు" అని ఆమె ఏడిచినంత పని చేసినప్పుడల్లా, "డబ్బెక్కడుందే? కాస్త ఆగలేవా?" అని కసిరేవాడు. తీరా నూటతొంభై దాకా పోగయ్యాక, ఇదీ జరిగింది!

ఆరాధన ముగియగానే భార్యని వరండాలో పట్టుకున్నాడు.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?"

"పొగకి కళ్ళు సరిగ్గా ఆనడం లేదండీ. రెండు కవర్లూ ఒక్కలాగే ఉన్నాయి" అంది లీలావతి బిక్కమొహం వేసి.

"నీ చేతికి బైబిలివ్వడం నాది బుద్ధితక్కువ!"

పాస్టరుగారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన కవరు విప్పి చూసి నవ్వు ఆపుకున్నారు.

"ప్రార్థన చేసేశాం కదయ్యా దయానందం. బల్ల మీదికొచ్చింది వెనక్కివ్వడం పద్ధతి కాదు. డబ్బు కానివన్నీ వేలంలోకే. కావాలంటే పాడుకో."

"నా కూపన్లు నేనే పాడుకోవాలా అయ్యగారూ?"

"ఎవరి కోడిని వాళ్ళు పాడుకోవడం లేదూ?"

గుడి ముందు గుమ్మడికాయలు, కోళ్ళు, వడ్ల బస్తాలు అయ్యాక కూపన్ల వంతు వచ్చింది. దయానందం అర్ధరూపాయి అన్నాడు. ఎవరూ పలకలేదు. హమ్మయ్య అనుకున్నాడు.

"రూపాయి" అన్నారు సత్యవేదంగారు.

సత్యవేదంగారు సంఘ పెద్ద. గూడూరులో ఇరవై ఎకరాల మాగాణి ఉంది. ఏటా కోతపండుగకి ఏదో ఒకదాన్ని అయినకాడికి పాడి, ఆ డబ్బు దేవుడికిచ్చానని తృప్తిపడతారు. కిందటేడు ఒక్క నిమ్మకాయని పదిహేను రూపాయలకి తీసుకున్నారు. ఈ ఏడు ఆయన కన్ను కూపన్ల మీద పడింది, దయానందం ఖర్మ.

"మీకెందుకండీ మావయ్యగారూ? మీ ఇంట్లో టీయే తాగరు!"

"ఇవాళ్టినుంచి తాగుతామోయ్. రెండు!"

"మూడు."

"అయిదు."

దయానందానికి ఒళ్ళు మండింది. నిన్న అందిన జీతం జేబులో ఉంది. ఆరు, ఎనిమిది, పన్నెండు... ఎంతన్నా ఆ పెద్దమనిషి వదలడే!

"పంతొమ్మిది!" అని గొంతు చించుకున్నాడు.

"ఇరవై" అన్నారు సత్యవేదంగారు, కండువా సర్దుకుంటూ.

దయానందం మళ్ళీ నోరు తెరిచాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో, "బజార్లో స్టవ్వు పద్దెనిమిదే కదయ్యా! కాగితం ముక్కలకి పంతొమ్మిది పాడావా?" అన్నారు. జనమంతా గొల్లుమన్నారు. అతనికి తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్ళే దారిలో రిక్షాలో లీలావతి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది.

"పోనీలెండి, రేపట్నుంచి మళ్ళీ మొదలుపెడదాం. ఎంత, మూడేళ్ళేగా!"

"మూడేళ్ళా! ఇంకో మూడేళ్ళు ఆ కషాయం నావల్ల కాదు. అయినా అందరి ముందూ పంతొమ్మిది పాడినవాడు, పెళ్ళానికి పద్దెనిమిది పెట్టి స్టవ్వు కొనలేదంటే రేపు ఆఫీసులో మొహమెక్కడ పెట్టుకోను?"

"అమ్మో, అంత డబ్బే! వద్దండీ."

"నువ్వు నోర్మూసుకో. చేసిన నిర్వాకం చాలు!"

కోనేరు సెంటర్లో సామాన్ల కొట్టు ముందు రిక్షా ఆపించాడు. బేరం కూడా ఆడకుండా డబ్బు విసిరినట్టు ఇచ్చి స్టవ్వు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

సాయంత్రం వంటింట్లో స్టవ్వు వెలిగింది. లీలావతి ఒక్కసారైనా దగ్గకుండా అన్నం వండింది. దయానందం ఆ మంట వంక చూడటం కూడా ఇష్టంలేక వీధరుగు మీద ధుమధుమలాడుతూ కూర్చున్నాడు. ఆ సమయంలో సత్యవేదంగారి భార్య సంతోషమ్మ పెరటి గుమ్మంలోంచి తొంగిచూసి, "వెలిగిందా?" అంది.

లీలావతి వీధివైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"మావయ్యగారికి వందనాలు చెప్పండి అత్తయ్యా, నేను చెప్పినట్టే ఇరవై దాకా వదల్లేదు."