అవసరం లేదు

"కదలకు, జడ వంకరపోతుంది," అంది నాన్న కొత్త భార్య.

బయట స్కూలు బస్సు హారన్ మోగుతోంది. అమ్మాయి కాలు కాలిన పిల్లిలా ఉంది. ఆవిడ చేతుల్లో జడ ఉన్నంతసేపూ ఇంతే.

ఆవిడ ఈ ఇంటికి వచ్చిన రోజు, "మిమ్మల్ని అమ్మా అని పిలవాలా?" అని అమ్మాయే అడిగింది. "అవసరం లేదు," అని నవ్వేసింది ఆవిడ. మొహం మీదే తలుపు వేసినట్టయింది. అప్పట్నుంచి ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొస్తోంది.

"అయిందా లేదా? బస్సు వెళ్లిపోతుంది!"

"అవసరపడకు. కొంచెమే ఉంది."

"అవసరపడటమేంటి? తెలుగులో అలాంటి మాటే లేదు."

"మాకుందిగా! మా భాషలో అవసరం అంటే తొందర. మీ నాన్న ఎంత దిద్దినా నా నోటికి అదే వస్తుంది."

అమ్మాయి కాళ్లాడించడం మానేసింది.

"అయితే ఆ రోజు నాతో అవసరం లేదన్నది..."

"తొందరేం లేదనే! నీకెప్పుడు మనసైతే అప్పుడే పిలుస్తావులే అనుకున్నా." ఆవిడ చేతులు ఆగిపోయాయి. "అయ్యో, నువ్వేమనుకున్నావు?"

బస్సు కదిలి వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. ఇద్దరూ లేవలేదు.

"మీ భాషలో అమ్మని ఏమంటారు?" అంది అమ్మాయి చివరికి, గోడకేసి చూస్తూనే.

"అమ్మనా? అమ్మా అనే అంటాం."

"అయితే కొత్తగా నేర్చుకోనక్కర్లేదు," అంటూ అమ్మాయి వెనక్కి తిరిగింది. అల్లిన జడంతా ఊడిపోయింది.