థామస్ గొంతు

కళింగపట్నంలో సముద్రం మీద చేపల వేటకెళ్ళే థామస్‌కి దవడలో కంతి పెరిగి, మూడు నెలల క్రితం నోరు బిగుసుకుపోయి మాట పడిపోయింది. అప్పట్నించీ భార్య శాంతి ముక్కులో వేసిన గొట్టంతోనే గంజి పోస్తోంది. శ్రీకాకుళం స్కానింగ్ సెంటర్‌లో ఆ రాత్రి ఆఖరి పేషెంటు అతనే. టెక్నీషియన్ దుర్గాభవాని అతన్ని బల్ల మీద పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి తలుపు వేసింది. శాంతిని అద్దం ఇవతల కంప్యూటర్ గదిలో, తన పక్కనే కూర్చోబెట్టుకుంది.

మిషన్ తిరుగుతుండగా, లోపలి మాటలు వినిపించే స్పీకర్‌లోంచి మగగొంతు వినిపించింది. "శాంతీ."

శాంతి లేచి నిలబడింది. "మా ఆయన గొంతేనమ్మా! మాటొచ్చీసినాది! నయమైపోయినట్టే గదా?"

దుర్గాభవాని తెర వైపు తిరిగింది. బొమ్మలు ఒక్కొక్కటే వస్తున్నాయి. కంతి దవడ ఎముకను తినేసి పుర్రె అడుగుదాకా పాకింది. నోరు కదిలి ఉంటే బొమ్మ చెదరాలి. ఎక్కడా చెదరలేదు.

స్కాన్ అయ్యాక ఇద్దరూ లోపలికి వెళ్ళారు. థామస్ కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. శాంతి అతని చెంప నిమిరింది. "ఏటయ్యా, ఇంకోపాలి పిలువయ్యా."

అద్దం అవతల, వాళ్ళిద్దరూ వదిలొచ్చిన ఖాళీ కంప్యూటర్ గదిలోంచి అదే గొంతు పిలిచింది. "శాంతీ, ఇంటికెల్దాం రావే."

ఆ గొంతులో నొప్పి లేదు. శాంతి మొహం విప్పారింది. "వత్తన్నానయ్యా," అంటూ అటు తిరిగింది.

థామస్ రెండు చేతులతో ఆమె కొంగు పట్టుకున్నాడు.