బిషప్‌గారికి కొత్త వల

"వల వద్దురా," అన్నాడు ఏటి కాపలాదారు నార్మన్ ఒడ్డు మీంచి. "చెయ్యి తడుపుకుని పట్టుకో, చాలు."

"వల కావాలి," అంది మావిస్. అప్పటికే ఆమె పొడుగు రబ్బరు బూట్లతో మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగిపోయింది.

ఆమె మొగుడు క్లిఫర్డ్ ఆమెకి రెండడుగుల ముందు నీళ్లలో నిలబడి ఉన్నాడు. అతని చేతిలో గాలపు కర్ర విల్లులా వంగి ఉంది. దారం చివర, ఈకలతో కట్టిన దొంగ ఈగని నోట కరుచుకుని బిషప్‌గారున్నారు.

బిషప్‌గారంటే యార్క్‌షైర్ కొండల్లోని ఆ చిన్న ఏట్లో, రాతి వంతెన కింద కాపురముంటున్న ట్రౌట్ చేప. నెత్తిమీద బిషప్ టోపీలా తెల్లమచ్చ ఉండడంతో ఆ పేరొచ్చింది. బరువు నాలుగు పౌన్లని చూసినవాళ్లు అంటారు, తొమ్మిదని చూడనివాళ్లు అంటారు. పబ్బులో మూడో గ్లాసు దాటాక ఆయన ఓ గొర్రెపిల్లని మింగిన సంగతి కూడా బయటికొస్తుంది.

క్లిఫర్డ్ బస్సు డ్రైవరుగా రిటైరై ఆరేళ్లయింది. రిటైరైన వారంలోనే పబ్బులో అందరి ముందూ ఒట్టేశాడు. బిషప్‌గారు చేతికి చిక్కిన రోజే గాలం గోడకెక్కిస్తానన్నాడు. ఫోటో తీసుకుని ఆయన్ని ఏట్లో వదిలేసి, మర్నాటి నుంచి మావిస్ నడిపే ఊలు కొట్లో ఆమె పక్కనే, తలుపు తీసిన దగ్గర్నుంచి మూసేదాకా కూర్చుంటానన్నాడు. పబ్బంతా చప్పట్లు కొట్టింది. మావిస్ కళ్లు తుడుచుకుంది.

పోయిన చలికాలం, చేపలవేట మూసేసిన రోజుల్లో, పదిరోజులపాటు కొట్లో సాధన కూడా చేశాడు. ఊలు ఉండలన్నిటినీ ఏ రంగు ఈగకి ట్రౌట్ ఏ నెలలో నోరు తెరుస్తుందో ఆ వరసలో సర్దాడు. పుట్టబోయే మనవడి టోపీకి ఊలు కొందామని వచ్చిన ఒకావిడకి గాలం ముడుల గురించి చెప్పడం మొదలెట్టాడు. ఆవిడ బయటపడేసరికి మనవడికి పళ్లొచ్చాయి. ఆ పదిరోజుల్నీ ఈ జన్మకి మర్చిపోలేనని మావిస్ ఇప్పటికీ అందరితో అంటూంటుంది.

బిషప్‌గారు ఇదివరకు మూడుసార్లు గాలానికి తగిలారు. మూడుసార్లూ వల పట్టింది మావిసే. మూడుసార్లూ ఆఖరి క్షణంలో జారుకున్నారు. దాంతో పబ్బు రెండు ముక్కలైంది. నార్మన్ వర్గం వల వద్దంది. వలని చూస్తే చేప బెదురుతుందనీ, దాని ఒంటి మీది జిగురు వలకి ఊడొస్తుందనీ వాళ్ల వాదన. రెండో వర్గం వల లేకపోతే చేప చేతిలోంచి జారుతుందనీ, పెనుగులాట ఎక్కువైతే చచ్చిపోతుందనీ అంది. ఈ వర్గంవాళ్లు ఆ వర్గంవాళ్ల చావులకి వెళ్లడం మానేశారు.

క్లిఫర్డ్ మనసు నార్మన్ వైపు మొగ్గుతోందని తెలియగానే మావిస్ పట్నం వెళ్లి కొత్త వల తెచ్చింది. జిగురు ఊడకుండా మెత్తటి రబ్బరుది. ఎంత పెద్దదంటే, వచ్చేటప్పుడు బస్సులో దానికి వేరే సీటు కావలసి వచ్చింది. దీంతో బిషప్‌నేం ఖర్మ, చర్చినే ఎత్తుకొస్తానని నార్మన్‌తో చెప్పింది.

బిషప్‌గారు ఉన్నట్టుండి వంతెన స్తంభం వైపు దూసుకెళ్లారు. గాలపు కర్రకున్న దారం చక్రం కీచుమంది. ఆ స్తంభాన్ని ఒక్క చుట్టు చుడితే దారం తెగుతుంది. అసలే అది వెంట్రుకకి చెల్లెల్లా ఉంది. క్లిఫర్డ్ కర్రని పక్కకి వాల్చి, ఊపిరి బిగబట్టి, అంగుళం అంగుళం చొప్పున చేపని వెనక్కి లాగాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. బిషప్‌గారు పక్కకి ఒరిగి తెల్లటి పొట్ట చూపించారు. గాలం ముల్లు ఆయన పెదవి చివర్న, సన్నటి చర్మపు పీలిక మీద వేలాడుతోంది.

"ముల్లు ఊడేలా ఉంది," అన్నాడు నార్మన్. "చెయ్యి చాచరా క్లిఫ్. నీ మోకాలి పక్కనే ఉంది."

క్లిఫర్డ్ చేపకేసి చూశాడు. మావిస్‌కేసి చూశాడు.

"వల పెట్టు, బంగారం."

"మెల్లగా తీసుకురా," అంది మావిస్. "నేనున్నాగా."

వల నీళ్లలో మునిగింది. తోక వైపు నుంచి వద్దు, తల వైపు నుంచి పెట్టమని నార్మన్ గొంతు చించుకున్నాడు. కంగారులో ఆమెకది వినిపించినట్టు లేదు. చేప సగం వలలోకి వచ్చింది. మావిస్ ఒక్క ఊపున పైకెత్తింది. వల అంచు దారానికి తగిలింది. టప్‌మని చిన్న చప్పుడు. గాలపు కర్ర నిటారుగా లేచి నిలబడింది. తెల్లమచ్చ నింపాదిగా వంతెన కిందికి వెళ్లిపోయింది.

క్లిఫర్డ్ వెళ్లి ఒడ్డున రాయి మీద కూలబడ్డాడు.

"ఇంక నావల్ల కాదు మావిస్. ఒట్టూ లేదు, గిట్టూ లేదు. సోమవారం నుంచి నీ కొట్టుకి వచ్చేస్తా."

మావిస్ మొహం పాలిపోయింది. వల పక్కన పడేసి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"అదేం మాట క్లిఫ్? అందరి ముందూ ఒట్టేశావు. ఓడిపోయి వచ్చి నా పక్కన కూర్చుంటే నేను చూడలేను. ఇంకా నాలుగు నెలల సీజనుంది."

"మరి నువ్వు? కొట్లో ఒక్కదానివే."

"నా సంగతి వదిలెయ్. ఎలాగో ఓర్చుకుంటా."

నార్మన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తన పెళ్లాం ఇందులో పదోవంతు ధైర్యం చెప్పుంటే ఈపాటికి తిమింగలాన్ని పట్టేవాణ్ణన్నాడు. ఇకమీదట వల గురించి ఒక్క మాట అననని కూడా చెప్పాడు. క్లిఫర్డ్ ముక్కు చీదుకుని, డబ్బా తెరిచి, కొత్త ఈగని ఏరుకున్నాడు.

మావిస్ వల దులిపి గడ్డి మీద ఆరబెట్టి, నొప్పెడుతున్న మణికట్టుని రుద్దుకుంది.

చేపని తప్పించడం పాత చిన్న వలతోనే తేలిక, అనుకుంది.