తెరిచి చూడందే

"ఖాళీయే అని మీరే కదండీ చెప్పారు?" అన్నాడు మీసాలాయన, ముఖం జేవురించి.

"నేను చెప్పాను. మీరు చూడలేదు," అంది శిక్షకురాలు. ఆయన చేతిలోంచి డబుల్ బ్యారెల్ తుపాకీ తీసుకుని మధ్యకు విరిచి తెరిచింది. రెండు గొట్టాల్లోంచి రెండు డమ్మీ తూటాలు జారి ఆమె అరచేతిలో పడ్డాయి.

ఆమెకు ఇది ఉద్యోగంలో మొదటి రోజు. బ్యాంకులకూ గోదాములకూ కాపలా కాసే గార్డులు పరీక్ష పాసైతేనే ఇకమీదట తుపాకీ పట్టాలని కొత్త నిబంధన వచ్చింది. తప్పినవాళ్లకు నెల రోజుల శిక్షణ. అది పూర్తయ్యేదాకా భుజాన తుపాకీ ఉండదు, చేతికి కర్ర ఇచ్చి గేటు దగ్గర నిలబెడతారు.

పరీక్ష చూస్తే చాలా చిన్నది. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, "ఖాళీయే, తీసుకోండి" అని తుపాకీ అందిస్తుంది. తీసుకున్నవాడు వెంటనే దాన్ని విరిచి గొట్టాల్లోకి చూడాలి, అంతే. కానీ గార్డుల అలవాటు వేరు. డ్యూటీ మారేటప్పుడు వెళ్లేవాడు "ఖాళీయే" అంటాడు, వచ్చేవాడు "సరే" అని భుజానికి తగిలించుకుంటాడు. ఏళ్ల తరబడి అంతా నోటిమాట మీదే నడిచిపోతోంది. అందుకే పొద్దుటి నుంచి వచ్చినవాడు వచ్చినట్టే తప్పి, గోడవారగా వేసిన కుర్చీల్లో కూర్చున్నాడు.

"ఇన్నేళ్లుగా మోస్తున్నాం, ఎవరికైనా చీమ కుట్టిందా?" అన్నాడు మీసాలాయన, కూర్చోకుండానే.

"కుట్టేది చీమ కాదండీ. ఒక్కసారి పేలితే మళ్లీ అడగడానికి మనిషి ఉండడు."

ఆయన ఆ మాట వినిపించుకోలేదు. కుర్చీల వైపు తిరిగి, తలుపు బయటికి కూడా వినపడేలా, "బయట మిగిలింది ఎవరో తెలుసుగా? ఈవిడ నాన్నగారు. చూస్తూ ఉండండి, ఆయనొక్కడే పాసవుతాడు. ఇంట్లో రిహార్సల్ అయిపోయే ఉంటుంది," అన్నాడు. అందరూ నవ్వారు. "అదే జరిగితే రేపట్నుంచి మనమెవ్వరం ఈ గది గడప తొక్కొద్దు. పైవాళ్ల దగ్గరే తేల్చుకుందాం."

ఆమెకు ఒళ్లు మండింది. ఇంట్లో ఒక్క మాట కూడా చెప్పలేదు. అయినా ఎవరు నమ్ముతారు? నాన్న పాసైతే తన ఉద్యోగం మొదటిరోజే నవ్వులపాలవుతుంది. తప్పితే, బ్యాంకు లోపల తలెత్తుకుని నిలబడే మనిషి గేటు దగ్గర కర్ర పట్టుకోవాలి. ఏమైతే అదవుతుందని తలుపు తీసి పిలిచింది.

ఇస్త్రీ నలగని యూనిఫాంతో, మెరిసే బూట్లతో నాన్న లోపలికి వచ్చాడు. ఆయన్ని అలా చూస్తే ఆమెకు ఎప్పుడూ గర్వమే.

"ఖాళీయే. తీసుకోండి," అంది. తెరువు నాన్నా, తెరువు అని లోపల్లోపల వెయ్యి దండాలు పెట్టుకుంది.

ఆయన తీసుకున్నాడు. గొట్టాలు నేల వైపే ఉన్నాయి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగానే ఉంది. ఒక్క క్షణం ఆగి తుపాకీని చూశాడు. గోడవారగా కూర్చున్నవాళ్లను చూశాడు.

"సరే, మేడమ్," అన్నాడు. తెరవలేదు.

ఇంకోసారి చూసుకోండి అనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"ఇలా ఇవ్వండి," అని తీసుకుని విరిచింది. తూటాలు రెండూ బల్ల మీద పెట్టింది. "మీరూ తప్పారు. రేపట్నుంచి శిక్షణకు రావాలి. పూర్తయ్యేదాకా తుపాకీ ముట్టుకోవడానికి వీల్లేదు."

"అలాగే, మేడమ్," అని ఆయన వెళ్లి మీసాలాయన పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మీసాలాయన గొంతు సవరించుకున్నాడు. "రేపు ఎన్నింటికి రమ్మంటారు, మేడమ్?"

సాయంత్రం ఇంటికి చేరేసరికి నాన్న ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "అవునురా, ఫెయిలే! కన్నతండ్రినని కూడా చూడలేదు మా అమ్మాయి!" అంటున్నాడు. దెప్పుతున్నాడనుకుని ఆమె గుమ్మం దగ్గరే కూర్చుని, లోపలికి వెళ్లడానికి మొహం చెల్లక బూట్లు నెమ్మదిగా విప్పసాగింది.

"ఇందాకట్నుంచి ఇదే పాట. వీధి వీధంతా చెప్పుకొచ్చారు," అంటూ అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయనకు ఫ్లాస్కు అందించింది. "ఖాళీయే, కడిగేశాను. రేపటికి బ్యాగులో పెట్టుకోండి."

ఆయన ఫోన్ పక్కన పెట్టి ఫ్లాస్కు మూత తిప్పాడు. లైటు వైపు వంచి లోపలికి చూశాడు. మళ్లీ మూత బిగించి, అప్పుడు బ్యాగులో పెట్టుకున్నాడు.

"చూశావుటే మీ నాన్న వరస?" అంది అమ్మ. "ఏది చేతికిచ్చినా తెరిచి చూడందే పుచ్చుకోరు. తుపాకీ పట్టిన నాటి నుంచీ ఇదే అలవాటు. ఇన్నేళ్లయినా నా మాట మీద నమ్మకం లేదు ఈయనకి."

ఆమె చేతిలో బూటు అలాగే ఉండిపోయింది.

"నాన్నా," అంది మెల్లగా. "మరి పరీక్షలో ఎందుకు తెరవలేదు?"

ఆయన రేపటి చొక్కా ఇస్త్రీకి బల్ల మీద పరిచాడు. కూతురి వైపు చూడకుండానే చిన్నగా నవ్వాడు.

"నేనొక్కణ్ణే పాసైతే, రేపు నీ క్లాసుకి ఇంకెవరొస్తారు తల్లీ?"