కౌంటరు మీద మాట

నడుమునొప్పి పెద్దమనిషి ఫిజియోథెరపీ క్లినిక్ తలుపు తీశాడు, కౌంటరు మీది తెల్లబోర్డు చూశాడు, ఫోను చెవికి ఆనించుకుని మళ్ళీ బయటికి నడిచాడు.

ఫోను మోగలేదని రిసెప్షనిస్టుకు తెలుసు.

"సార్, ఒక్క నిమిషం! ఈరోజు మాట బోర్బోరిగ్మస్!" అని వెనకనుంచి కేకేసింది.

నడుమునొప్పి మనిషి అంత చురుగ్గా మెట్లు దిగడం ఆ క్లినిక్‌లో అదే మొదటిసారి.

రోజుకో కొత్త ఇంగ్లీషు మాట నేర్చుకోవాలని ఆ అమ్మాయి పంతం. మామూలు మాటలు ఆమెకు ఆనవు. నోరు తిరగనిదై ఉండాలి. పొద్దున్నే దాన్ని బోర్డు మీద రాసేది. ముగ్గురి మీద ప్రయోగించేదాకా టీ ముట్టేది కాదు.

ఇదంతా ఊరికే కాదు. పెద్ద హోటల్లో ఫ్రంట్ డెస్క్ ఉద్యోగం ఆమె కల. కిందటిసారి ఇంటర్వ్యూలో 'ఇంగ్లీషు చాలదు' అని పంపేశారు. మళ్ళీ పిలుపొచ్చింది. ఈసారి వాళ్ళ కళ్ళు బైర్లు కమ్మాలి.

పేషెంట్లందరూ తప్పించుకు తిరుగుతుంటే, దొరికింది ఒక్క తాతగారే. ఏదో జబ్బు చేసి కుడిచెయ్యి పడిపోయి, ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నారు. తన వంతుకు చాలా ముందే వచ్చి, కోరి కోరి కౌంటరు ఎదుటి కుర్చీలోనే కూర్చునేవారు.

"ఈరోజు మాటేంటమ్మా?"

"బోర్బోరిగ్మస్ అండీ."

"బోర్... బోరి..." తాతగారి నాలుక తడబడింది. "అంటే?"

"ఉదర శబ్దం."

"తెలుగులో కూడా ఇంగ్లీషే మాట్లాడతావేంటమ్మా?"

ఆమెకు నవ్వొచ్చింది. "ఆకలేస్తే పొట్ట గుడగుడమంటుంది చూడండి, అదీ."

తాతగారు కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి మొహం వెలిగిపోయింది.

"ఆఁ! ఇది మనదే!" అన్నారు, ఇంట్లోనే ఎక్కడో పెట్టి మరిచిన కళ్ళజోడు దొరికినట్టు.

మనదేమిటో ఆమెకు బోధపడలేదు. పెద్దవాళ్ళు అలాగే మాట్లాడతారు కాబోలు అనుకుంది.

చిక్కేమిటంటే, మర్నాటికి ఆ మాట ఆయనకు గుర్తుండేది కాదు.

"నిన్నటిది మళ్ళీ చెప్పమ్మా."

మళ్ళీ పొట్ట, మళ్ళీ గుడగుడ. పక్క కుర్చీల్లో వాళ్ళు మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి నవ్వేవాళ్ళు.

ఒకరోజు బోర్డు మీద 'మాలిఫై' అని ఉంది.

"అంటే?"

"శాంతింపజేయడం అండీ."

"ఇంకా కిందికి దిగు."

"కోపం తగ్గించడం."

"ఎలా?"

"ఎలా ఏంటండీ బాబూ!" ఆమె ఓపిక అడుగంటింది. "ఈ వయసులో మీకెందుకండీ ఈ ఇంగ్లీషు? మీకు పట్టుబడదు లెండి."

అన్న మరుక్షణమే నాలిక్కరుచుకుంది.

తాతగారు చల్లగా నవ్వారు. "నువ్వన్న మాటకి నాకు కోపం వచ్చిందనుకో. ఇప్పుడేం చేస్తావు?"

ఆమె తల గోక్కుంది. "పాలు పొంగుతుంటే కాసిని నీళ్ళు చిలకరిస్తాం కదండీ? అలాగ..."

"ఆఁ! ఇది మనదే!"

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. బల్లకు అవతల కూర్చున్న మేనేజరు అడిగాడు.

"గెస్టు కోపంతో ఊగిపోతూ వస్తే ఏం చేస్తారు?"

"మాలిఫై చేస్తాను సర్!" అంది ఠీవిగా.

ఆయన కళ్ళేమీ బైర్లు కమ్మలేదు. "అంటే?" అన్నాడు.

ఆ 'అంటే?' వినగానే, ఇది తనకు రోజూ ఉండే పనేనని గుర్తొచ్చింది. చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో మొదలుపెట్టింది.

"ముందు కూర్చోబెడతాను సర్. మంచినీళ్ళిస్తాను. చెప్పేదంతా మధ్యలో అడ్డుపడకుండా వింటాను. పాలు పొంగుతుంటే మూత పెడితే లాభం లేదు కదా సర్, నీళ్ళే చిలకరించాలి."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"పొద్దుట్నుంచీ పెద్ద పెద్ద మాటలే విన్నాను. విప్పి చెప్పింది మీరొక్కరే. ఎప్పుడు చేరతారు?"

కాళ్ళు నేల మీద ఆనలేదు. చాక్లెట్ల డబ్బా పట్టుకుని నేరుగా క్లినిక్‌కి పరుగెత్తింది. కౌంటరు ఎదుటి కుర్చీలో ఎవరో కొత్త పేషెంటు కూర్చుని ఉంది.

"మేడమ్, ఉద్యోగం వచ్చేసింది! తాతగారేరీ?"

డాక్టరమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది. "మంచి మాట చెప్పావు! ఆయన ట్రీట్‌మెంట్ నిన్నటితో అయిపోయింది. నువ్వు సెలవులో ఉన్నావుగా, నీకు థాంక్స్ చెప్పమన్నారు."

"ఆయన నాకా? నేను కదా మేడమ్ చెప్పాల్సింది!" ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "ఒక్క ముక్క ఇంగ్లీషు రాకపోయినా, పాపం, ఎంత ఓపిగ్గా విన్నారో. పైగా నేనాయన్ని విసుక్కున్నాను కూడా."

చాక్లెట్ కాగితం విప్పబోతున్న డాక్టరమ్మ చెయ్యి ఆగింది.

"నీకు చెప్పొద్దన్నారు. తెలిస్తే బెరుకుతో నోరు విప్పవని."

"ఏం తెలిస్తే మేడమ్?"

"మాకు కాలేజీలో ఇంగ్లీషు చెప్పింది ఆయనేనమ్మా, పక్షవాతంలో చేతితోపాటు ఆ ఇంగ్లీషంతా తుడిచిపెట్టుకుపోతే, నీ దగ్గర కూర్చుని మాట వెనక మాట వెతికి తెచ్చుకుని, ఇవాళ మళ్ళీ క్లాసు చెప్పడానికి వెళ్ళారు."