ఏడో అంతస్తుకు బియ్యం

"స్విట్జర్లాండ్ పోయి, కొండెక్కి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడుస్తావా? అక్కడ బస్సుల్లేవా?" గుమ్మంలో కూర్చున్న భీమారావు ఎకసెక్కమాడాడు.

"రోజంతా నడక నాన్నా. ట్రైనింగ్ కావాలి లా!" ఐటీ ఉద్యోగం చేసే కూతురు లక్ష్మీప్రియ, వీపున బ్యాగుతో మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ అక్కడివాళ్ల యాసలో అంది.

"అందులో ఏముంది?"

"పది కిలోల బియ్యం."

"దించు ముందు! ఆడపిల్లవి, నడుం విరుగుతుంది."

బుకిట్ బటోక్ పేటలోని ఆ పాత అపార్ట్‌మెంట్ బ్లాకులో లిఫ్టు ఐదో అంతస్తులో ఆగుతుంది, వాళ్లుండే ఏడులో ఆగదు. అంతే బరువున్న బియ్యం సంచి చంకనెత్తుకుని, అతని భార్య కుమారమ్మ ఎప్పటిలాగే ఐదో అంతస్తు నుంచి మెట్లెక్కి వస్తోంది.

"అమ్మకెప్పుడైనా ఆ మాట చెప్పావా నాన్నా?"

భీమారావు లేచి, మెట్లు దిగి, భార్య సంచి అందుకోబోయాడు.

కుమారమ్మ కంగారుపడింది. సంచి వదల్లేదు.

"ఏమైందండీ? ఒంట్లో బాగోలేదా?"