మాసయ్య మిషన్

ముసలితనంలో అక్షరాలు దిద్దినదాన్ని. రాత నిదానం, తప్పులూ ఉంటాయి. పెద్ద మనసుతో సర్దుకుని చదవండి.

"చచ్చిందా, బతికిందా? ఒక్క మాట చెప్పు" అన్నాడు మాసయ్య.

మహబూబ్ చెట్లు కోసే మిషన్‌ను విప్పి, దాని ఇంజన్ సిలిండర్‌ను వెలుతురుకు ఎత్తి, ఒంటికన్నుతో లోపలికి చూస్తున్నాడు. కొల్లాపూర్ బస్టాండు వెనక అతని రిపేరు షాపు. మాసయ్య స్టూలు మీద, అతని భార్య కిష్టమ్మ గడప మీద కూర్చున్నారు.

ఆ చుట్టుపక్కల మామిడి తోటల్లో ముసలి చెట్టు కొట్టాలన్నా, కొమ్మలు తీయాలన్నా మాసయ్యనే పిలుస్తారు. నడుముకు తాడు కట్టుకుని, మిషన్ భుజాన వేసుకుని చిటారుకొమ్మ దాకా పోతాడు. పోయిన వారం అట్లా పైన ఉండగానే మిషన్ పట్టేసి ఆగిపోయింది. అదే పూట అతనికి కళ్లు తిరిగాయి. కూలీలు నిచ్చెన వేసి దించారు. మిషన్ సంగతి అందరికీ చెప్పుకుంటాడు గాని, రెండో సంగతి ఎవరైనా ఎత్తితే కసురుకుంటాడు.

"ఏంది మహబూబూ, గంత సేపు చూస్తున్నవ్? దాంట్ల ఏమన్న సినిమా నడుస్తుందా?" అంది కిష్టమ్మ.

"చూడాలె గద అత్తమ్మా. పిస్టన్ కరిగి లోపలి గోడకు అంటుకుంది. అంటుకున్నది మందుతోని పోతది. దాని కింద గోడకు గీత పడకుంటే మళ్ల వాడొచ్చు. పడితే పాత సామాన్లోనికే."

గుడ్డకు మందు అద్ది లోపల బాగా రుద్దాడు. తర్వాత చిటికెన వేలి గోరును పైనుంచి కిందికి నెమ్మదిగా లాగాడు.

"గీత ఉంది, గోరు తట్టుతుంది మామ" అన్నాడు మహబూబ్, తల ఎత్తకుండానే. "వాడొద్దు. వాడితే మళ్ల చెట్టు మీదనే పట్టేస్తది."

మాసయ్య సిలిండర్ లాక్కుని తన గోరు పెట్టి చూశాడు.

"నాకేం తగుల్తలేదు."

"ఇన్నేండ్లు గొడ్డలి పట్టిన చెయ్యి. నీ వేళ్లు మొద్దువారినయ్ మామ, ఏం తెలుస్తది?"

"ఇటు తే." కిష్టమ్మ లేచి వచ్చి తనూ వేలు పెట్టింది. "అద్దం లెక్క నున్నగ ఉంది. ఏడుంది గీత? కొత్తది అమ్ముకునేటందుకు గిట్ల చెప్తున్నవ్ నువ్వు."

"నోరు జారకు" అన్నాడు మాసయ్య. "పనోనికి తెల్వంది నీకు తెలుసా?"

"తెలుసు. అదే వెయ్యి మహబూబూ. రేపు తోటల పనుంది. ఈయనకేమైంది? ఎండకు జర కండ్లు తిరిగినయ్, గంతే. ఎక్కుతడు."

ఎక్కుతడు. ఆ మాట వినగానే మాసయ్యకు, కాలు చాపితే కొమ్మ అందని ఆ క్షణం మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. కాని పెళ్లాం ముందు ఆ భయం ఒప్పుకునే మనిషి కాడు. ఆమె తూర్పంటే తను పడమర అనకపోతే అతనికి తిన్నది అరగదు.

"నువ్వెక్కుపో" అన్నాడు. "పాడైన సామాను ఏసుకొని పైకి పోతరా ఎవరన్న?"

"అయితే కొత్తదే తెప్పియ్యి. మేకలను అమ్ముదాం."

"పాలిచ్చే మేకలమ్మి ఇనుము కొంటరానే? తెలివున్నదా?"

"మరేం చేద్దాం? ఇంట్ల కూసుంటవా? ఏం తిందాం?" కిష్టమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి.

మాసయ్య గొంతు మెత్తబడింది. "ఊకో. చెట్లెక్కకుంటే బతకరా మనుషులు?"

మహబూబ్ చేతులు తుడుచుకుంటూ, మూలనున్న గుట్టను చూపించాడు. "మామ, అవన్నీ మిషన్‌కు చెట్టు కోసే గొలుసులే. వాటి పండ్లకు పదునుపెట్ట ఆకురాయి పట్టెటోడు లేక పడున్నయ్. నాకు కండ్లు ఆనుతలేవు. నీ అసొంటి చెయ్యి దొరికితే..."

"అయ్యో, వద్దు" అంది కిష్టమ్మ. "తోటల్ల పులి లెక్క తిరిగిన మనిషి, నీడకు కూసొని ఆకురాయి రుద్దుతడా? నలుగురు నవ్వుతరు."

"నవ్వితే నవ్వనీ. నేను రుద్దుత, నీకేంది?" మాసయ్య లేచి నిలబడ్డాడు. "రేపట్నుంచే వస్త మహబూబు. ఆ సిలిండర్ పాత సామాన్లల్ల పారెయ్యి."

అతను ముందు నడిచాడు. చాలా రోజుల తర్వాత ఆ నడకలో తొందర లేదు. కిష్టమ్మ ఇద్దరినీ తిట్టుకుంటూ వెనకే పోయింది.

సిలిండర్ ఎట్లా ఉన్నా పనికిరాదనే చెప్పమని, పొద్దున్నే వచ్చి మహబూబ్‌ను బతిమిలాడింది ఆమే.

— సుల్తానాబీ, అరవై నాలుగేళ్లు, ఇప్పుడు ఉండేది వనపర్తిలో